బలం ఉన్నా చెయ్యి గ్లాసు దాటిపోతోంది, ఎందుకు?

మాది రాజోలు దగ్గర. నాన్నగారికి చిన్నమెదడులో స్ట్రోక్ వచ్చింది. బలం తగ్గలేదు, కొబ్బరి బోండాం ఒంటిచేత్తో ఎత్తేస్తారు. కాఫీ గ్లాసు కోసం చెయ్యి చాపితే మాత్రం గ్లాసు దాటిపోయి, వణుకుతూ వెనక్కొస్తుంది.

మామూలుగా చెయ్యి దాదాపు తిన్నగా వెళ్తుందని, వేగం మధ్యలో పెరిగి చివర తగ్గుతుందని 1981లో మొరాస్సో అనే పరిశోధకుడి ప్రయోగాల్లో తేలింది. ఆ బ్రేకు ఎప్పుడు వెయ్యాలో చిన్నమెదడు ముందే లెక్కగడుతుందట. కంటి కబురు అందేదాకా ఆగితే ఆలస్యమే కదా!

నెమ్మదిగా చాపితే నాన్నగారికి గురి కుదురుతోంది. రోజూ అలాగే చేయిస్తే ఆ లెక్క మళ్లీ దారిలో పడుతుందా, నెమ్మదితనమే అలవాటైపోతుందా? చేతికి బరువు కట్టమని మా బాబాయి సలహా, నాకైతే నచ్చలేదు. ఫిజియోథెరపీ తెలిసినవాళ్లు, ఇంట్లో ఇలాంటివాళ్లను చూసుకున్నవాళ్లు కాస్త చెప్పండి.