కాలేజీల్లో విద్యార్థి సంఘ ఎన్నికలు మళ్ళీ పెట్టాలా, వద్దా?

పెదవాల్తేరు పీజీ విద్యార్థిని

నాకు 23 ఏళ్ళు. 2024లో ఎమ్మెల్యేకి, ఎంపీకి ఒకే రోజు ఓటేశాను. కానీ మా హాస్టల్ మెస్ గురించి వార్డెన్‌తో మాట్లాడటానికి మా తరఫున ఎవరు వెళ్ళాలో తేల్చుకునే హక్కు మాత్రం నాకు లేదు.

కాలేజీ పేరు చెప్పను. పోయిన ఆగస్టులో మా రెండో అంతస్తుకి 11 రోజులు నీళ్ళు ఎక్కలేదు. మోటారు కాలిపోయిందన్నారు. బకెట్లతో మెట్లెక్కి చేతులు పుండ్లయ్యాయి. చివరికి నలుగురం ఆఫీసుకి వెళ్తే, "మిమ్మల్ని ఎవరు పంపారు?" అని అడిగారు. మా దగ్గర సమాధానం లేదు, మమ్మల్ని నిజంగానే ఎవరూ పంపలేదు. మర్నాడు నలుగురి ఇళ్ళకీ ఫోన్లు వెళ్ళాయి. "నీకెందుకే ఇవన్నీ" అని మా అమ్మ ఏడ్చింది.

మన రాష్ట్రంలో ఈ ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. దాదాపు ఆ రోజుల్లోనే 61వ రాజ్యాంగ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. 1989 మార్చిలో అది అమల్లోకి వచ్చింది. ఢిల్లీలో ఎవరు కూర్చోవాలో చెప్పే వయసు వచ్చిందన్నారు, కాలేజీలో నోరు విప్పే వయసు మాత్రం రాలేదన్నారు. మళ్ళీ పెట్టాలన్నది నా మాట. మీ అందరి అభిప్రాయం చెప్పండి.

గాజువాక నాన్న

అమ్మా, నీళ్ళ సంగతి చదివితే బాధేసింది. కానీ ఎన్నికలకి మాత్రం ఒప్పుకోలేను. నేను 1980ల్లో డిగ్రీ చదివాను, ఈ జిల్లాలోనే. మా క్లాసు అబ్బాయి ఒకడు ప్రెసిడెంటు పదవికి నిలబడ్డాడు. ఓటింగుకి రెండు రోజుల ముందు సైకిల్ చైన్లతో కొట్టారు. కొట్టినవాళ్ళలో సగం మంది మా కాలేజీ వాళ్ళే కాదు, బయటి నుంచి జీపుల్లో దిగారు. ఆ అబ్బాయి ఎడమ చెయ్యి మళ్ళీ భుజం పైకి లేవలేదు. గొడవలతో పరీక్షలు నాలుగు నెలలు వెనక్కి పోయాయి. మా నాన్న పోర్టులో కళాసీ. ఆ నాలుగు నెలల మెస్ బిల్లు వడ్డీకి తెచ్చి కట్టాడు.

ఇప్పుడు మా వాడు ఇంజనీరింగ్ మూడో ఏడు. ప్లేస్‌మెంట్ల టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు. వాడి కాలేజీకి మళ్ళీ ఆ జీపులు రాకూడదు.

సీతమ్మధార, రిటైర్డ్ లెక్చరర్

గాజువాక మిత్రుడు చెప్పినవి కట్టుకథలు కావు, అలాంటివి నేనూ చూశాను. అందుకే సుప్రీంకోర్టు కలగజేసుకుంది. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో కమిటీ ఇచ్చిన సిఫార్సులను అమలు చేయమని 2006 సెప్టెంబరులో ఆదేశించింది. చాలామంది వాటిని చదవరు. ఒక అభ్యర్థి పెట్టుకోదగ్గ ఖర్చు 5,000 రూపాయలు. అచ్చు పోస్టర్లు నిషేధం, చేత్తో రాసినవే అంటించాలి, అవీ చూపించిన చోటే. హాజరు 75 శాతం ఉండాలి. డిగ్రీ పిల్లలకి 22 ఏళ్ళు, పరిశోధక విద్యార్థులకి 28 దాటకూడదు. పార్టీల డబ్బు ముట్టకూడదు. ఆఫీస్ బేరర్‌గా ఒక్కసారే పోటీ. ఏళ్ళ తరబడి హాస్టల్ గది ఖాళీ చేయని "నాయకుల"కి ఇక్కడే తలుపు మూసుకుపోతుంది.

ఇంకో మాట. వెంకయ్యనాయుడు గారు 1973-74లో ఆంధ్ర విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడు. తరువాత ఉపరాష్ట్రపతి అయ్యారు. ఆయన రాజకీయాలు నచ్చడం నచ్చకపోవడం వేరే సంగతి. రాజకీయాల్లో పేరున్న తండ్రి లేని పిల్లాడికి అప్పట్లో కాలేజీ ఒక మెట్టు. ఆ మెట్టు తీసేశాక వారసులూ కాంట్రాక్టర్లూ తప్ప ఇంకెవరు పైకి రాగలరు?

కూర్మన్నపాలెం

మాస్టారూ, రూల్సు బాగానే ఉన్నాయి. 5,000 పరిమితి అంటారు, ముందు రోజు బిర్యానీ ప్యాకెట్లు ఎవరి ఖాతాలో రాస్తారు? అసెంబ్లీ ఎన్నికల ఖర్చు పరిమితే మన కళ్ళ ముందు ఎలా నడుస్తోందో అందరికీ తెలుసు.

విద్యార్థి శక్తి ఎన్నికల్లో లేదని నా నమ్మకం. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అని 1966లో వీధుల్లోకి వచ్చింది విద్యార్థులే. నవంబరు 1న ఈ ఊళ్ళో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద 32 మంది పోయారని చెప్తారు. మా పెద్దనాన్న ఆ రోజు ఊరేగింపులో ఉన్నాడు, చెప్పు ఒకటి అక్కడే పోగొట్టుకుని ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆ ప్లాంటు జీతంతోనే మేం పెరిగాం. 2021లో అమ్మేస్తామని కేంద్రం అంటే ఇక్కడ దీక్షా శిబిరం వేశాం. కాలేజీ పిల్లలు వచ్చారు, ఏ పదవీ లేకుండానే వచ్చారు. పదవి ఇస్తే ఆ వచ్చే పిల్లల్ని నాలుగు జెండాల కింద విడగొడతారు.

పెదవాల్తేరు పీజీ విద్యార్థిని

అన్నా, మీ పెద్దనాన్న గారికి దండం. కానీ ఉక్కు కోసం కాల్పులకి ఎదురెళ్ళిన వయసే మాది. ఆ వయసు నీళ్ళ మోటారు గురించి మాట్లాడటానికి చాలదా? పెద్ద ఉద్యమం ఇరవై ఏళ్ళకోసారి వస్తుంది. మెస్, స్కాలర్‌షిప్, రాత్రి పూట లైట్లు లేని దారి, ఇవి రోజూ ఉండేవి. వీటికి శిబిరం వేయలేం కదా.

రుషికొండ ఐటీ ఉద్యోగి

పూర్వ విద్యార్థిగా ఒకటి ఒప్పుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక 2023 మార్చిలో జరిగింది. నాకు ఓటు లేదు. డిగ్రీ అయి మూడేళ్ళు దాటితే అర్హత ఉంటుంది, కానీ జాబితా ప్రతిసారీ కొత్తగా తయారుచేస్తారు, మనం ఫారం 18 ఇచ్చుకోవాలి. ఆఫీసులో మా టీం 14 మందిలో ఒక్కరు ఇచ్చారు. ఆవిడ కేరళలో చదివి వచ్చింది, కాలేజీలో ఏటా ఓటేసిందట. ఫారం గడువు ఆవిడకి గుర్తుంది, మాకు లేదు. ఒక్క మనిషిని చూసి సిద్ధాంతం చేయను గానీ, ఆ రోజు నుంచి నేను ఎన్నికల వైపే.

గాజువాక నాన్న

పోనీ, మధ్యేమార్గం ఉందా? ఎన్నిక లేకుండా ప్రతినిధులు ఉండకూడదా?

సీతమ్మధార, రిటైర్డ్ లెక్చరర్

ఉంది. వాతావరణం బాగాలేని చోట ముందు నామినేషన్‌తో మొదలుపెట్టి, తరువాత ఎన్నికలకి మారమని లింగ్డో కమిటీయే చెప్పింది. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల కమిటీలో కూడా మార్కులనో ఆటలనో చూసి ఒక విద్యార్థి ప్రతినిధిని పెట్టాలి, ప్రత్యేక ఆహ్వానితుడిగా. నా సర్వీసులో నేను చూసింది మాత్రం ఇది: నామినేట్ అయిన పిల్లవాడు ప్రిన్సిపాల్ ముఖం చూసి మాట్లాడతాడు, వెనకున్న 300 మంది ముఖాలు చూడడు. తప్పు వాడిది కాదు, వాడిని అక్కడ కూర్చోబెట్టింది ఆయనే కదా.

పెదవాల్తేరు పీజీ విద్యార్థిని

రాష్ట్రం ఎప్పుడు నిర్ణయిస్తుందో తెలియదు. మేం ఆగట్లేదు. ఈ సోమవారం రాత్రి భోజనాలయ్యాక మా అంతస్తులో 46 మందిమి చీటీలు వేసుకుని ఇద్దరిని ఎన్నుకుంటున్నాం. ఈసారి "ఎవరు పంపారు" అని అడిగితే 46 సంతకాల కాగితం ఇస్తాం.

గాజువాక నాన్న

ఎన్నికలు వద్దన్న నా మాట మారలేదు. ఈ చీటీలు వేరు, చేసుకోండి. ఇళ్ళకి ఫోన్ చేసి తల్లుల్ని ఏడిపించడం మాత్రం తప్పు. ఎన్నికైన అమ్మాయిల ఇళ్ళకి మళ్ళీ ఫోన్ వస్తే ఇక్కడ రాయి. వాళ్ళ అమ్మానాన్నలతో నేను మాట్లాడతాను, ఒక తండ్రిగా. ఆఫీసుకి రమ్మన్నా వస్తాను.