ముద్ద అడ్డం పడుతోంది, బయాప్సీలో "మామూలు వాపు" అన్నారు: మళ్ళీ ఎండోస్కోపీ తప్పదా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 27 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి తుమ్ములు, ఆయాసం ఉన్నాయి. కొన్నేళ్ళుగా చపాతీ, మటన్ తింటే ముద్ద ఛాతీ మధ్యలో నిలబడిపోతుంది, పైన గ్లాసుడు నీళ్ళు తాగితేగానీ దిగదు. ఈమధ్య ఒక పెళ్ళి భోజనంలో చికెన్ ముక్క ఇరుక్కుని నీళ్ళు కూడా దిగకపోతే ఆస్పత్రికి పరుగెత్తాం. ఎండోస్కోపీతో తీసేశారు, అన్నవాహిక కింది భాగం నుంచి రెండు చిన్న ముక్కలు బయాప్సీకి పంపారు. రిపోర్టులో ఒకటే లైను: దీర్ఘకాలిక తేలికపాటి వాపు, క్యాన్సర్ లక్షణాలు లేవు. గ్యాస్ మాత్ర రాసి పంపించేశారు. ఎలర్జీ వల్ల అన్నవాహిక వాచే జబ్బు ఒకటుందని ఇక్కడే చదివాను. అదేనేమో ఎలా తెలుస్తుంది? మళ్ళీ గొట్టం అంటే వాడు ససేమిరా అంటున్నాడు.

జవాబు (పాథాలజీలో పనిచేస్తున్నాను):
మీరు చదివిన జబ్బు పేరు ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్. ముందు గొట్టం సంగతి పక్కన పెట్టండి. మీ తమ్ముడి ముక్కలు మైనంలో పొదిగిన బ్లాకుగా ఆ ల్యాబులోనే ఉంటాయి, కొన్నేళ్ళపాటు దాస్తారు. ఆ బ్లాకునుంచి ఇంకాస్త లోతుగా కొత్త కోతలు తీసి, ఇసినోఫిల్స్ (ఎలర్జీలో పెరిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) లెక్కపెట్టి, అంకె రాసి ఇమ్మని అడగండి. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక పొరలో ఈ కణాలు దాదాపు ఉండవు. అవి బాగా గుమిగూడిన చోట ఒక హై పవర్ ఫీల్డులో (మైక్రోస్కోపులో 40 రెట్ల లెన్సుతో ఒకసారి కనిపించే వలయంలో) 15 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే ఈ జబ్బును గట్టిగా అనుమానిస్తాం. "వాపు ఉంది" అని రాసి అంకె రాయకపోతే ఆ రిపోర్టుతో డాక్టరు చేసేదేమీ లేదు. తప్పంతా ల్యాబుదే అనను, ఫారం మీద "అన్నవాహిక బయాప్సీ" అని మాత్రమే రాసి, ముద్ద అడ్డం పడుతోందని గానీ ఎలర్జీ ఉందని గానీ రాయకుండా పంపితే చూసేవాళ్ళు క్యాన్సర్ ఉందా లేదా చూసి పక్కన పెట్టేస్తారు.

ఇంకో తిరకాసు, మైక్రోస్కోపులన్నీ ఒకటి కావు. ఐపీస్ (కన్ను పెట్టి చూసే భాగం) మీద 18 అనో 22 అనో అంకె ఉంటుంది. 40 రెట్ల లెన్సుతో 18 అంకె ఉన్నదానిలో కనిపించే వైశాల్యం సుమారు 0.16 చదరపు మిల్లీమీటర్లు, 22 అంకె ఉన్నదానిలో సుమారు 0.24. అదే ముక్క ఒక ల్యాబులో 10 కణాలు, ఇంకో ల్యాబులో 15 చూపించొచ్చు! అందుకే చదరపు మిల్లీమీటరుకు ఎన్ని అని కూడా రాయమంటాం, అక్కడ హద్దు సుమారు 60. ఇసినోఫిల్స్ పగిలి వాటి లోపలి గుళికలు చెల్లాచెదురైతే లెక్క తక్కువొస్తుంది, కాబట్టి అడుగు పొర మందం, కణాల మధ్య ఖాళీలు, పైపొరలో ఇసినోఫిల్స్ గుంపులు కూడా చూడాలి.

ఇంకొకరు:
మా అబ్బాయికి రక్తంలో ఇసినోఫిల్స్ నార్మల్ అని, ఈ జబ్బు కాదని తేల్చేశారే?

జవాబు (పాథాలజీ):
అది సరికాదండీ. మన దగ్గర ఇసినోఫీలియా అంటే దగ్గు, ఆయాసం, రక్తపరీక్షే గుర్తొస్తాయి. ఈ జబ్బులో రక్తం లెక్క మామూలుగా ఉండి, అన్నవాహికలో మాత్రం కణాలు నిండిపోవచ్చు. చర్మం మీద చేసే ఎలర్జీ టెస్టుతోనూ తేలదు. ముక్కే చూడాలి.

జవాబు (గ్యాస్ట్రో విభాగం నుంచి):
బ్లాకులో ఏమీ దొరక్కపోయినా జబ్బు లేదనుకోకండి. ఇది అక్కడక్కడా మచ్చలుగా ఉంటుంది, కింది నుంచి తీసిన రెండు ముక్కలు చాలవు. కనీసం 6 ముక్కలు, కింది నుంచీ మధ్య లేదా పై భాగం నుంచీ తీయాలి, వేరువేరు సీసాల్లో వేసి ఏది ఎక్కడిదో రాయాలి. పొర మీద నిలువు చాళ్ళు, తెల్లటి చుక్కలు కనిపిస్తే అక్కడి నుంచే తీయాలి (ఆ చుక్కల్ని ఫంగస్ అనుకుని వదిలేయడం మామూలే). పొర చూడ్డానికి బాగానే ఉన్నా, ముద్ద అడ్డం పడే మనిషికి ముక్కలు తీయాల్సిందే.

అసలు చిక్కు గ్యాస్ మాత్ర. పాంటాప్రజోల్ లాంటివి ఈ జబ్బులో చాలామందికి కణాల సంఖ్యను కూడా తగ్గిస్తాయి, మాత్ర వాడుతూ బయాప్సీ చేయిస్తే నార్మల్ అని రావచ్చు. బ్రిటన్ నిపుణుల సంఘాలు 2022లో కనీసం 3 వారాలు ఆపి చేయమన్నాయి. అల్సర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా సొంతంగా ఆపొద్దు, డాక్టరుతో మాట్లాడాకే. పాలు, గోధుమ కూడా ముందే మాన్పించకండి, మానేస్తే బయాప్సీలో ఆనవాలు చెరిగిపోవచ్చు. రిఫ్లక్స్‌లోనూ (కడుపులో ఆమ్లం పైకి తన్నడం) కొన్ని ఇసినోఫిల్స్ చేరతాయి కాబట్టి, అంకె ఒక్కటే చూసి పేరు పెట్టకూడదు.

అడిగినవారు:
ధన్యవాదాలు. ల్యాబుకి ఫోన్ చేశాను, బ్లాకు ఉందట. డాక్టరు లెటర్ తెస్తేనే ఇస్తామన్నారు. ఎండోస్కోపీ చేసిన రోజుకి వాడు మాత్ర మొదలుపెట్టలేదు.

జవాబు (పాథాలజీ):
అయితే మంచిదే, ఆ ముక్కల మీద మాత్ర ప్రభావం లేనట్టే. లెటర్లో "ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనుమానం, అత్యధిక లెక్క ఇవ్వగలరు" అని రాయించండి. స్లైడ్లు, బ్లాకు రెండూ తెచ్చుకోండి, ఎండోస్కోపీ ఫొటోలు కూడా. ఈలోగా మాంసం చిన్న ముక్కలుగా, బాగా నమిలి తినమనండి. మళ్ళీ ముద్ద ఇరుక్కుని ఉమ్మి కూడా మింగలేకపోతే ఇంట్లో నీళ్ళు తాగిస్తూ కూర్చోకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.