గ్రానైట్ దుమ్ములో 22 ఏళ్లు: నాన్నకు ఏ పరీక్షలు చేయించాలి?

మాది చిత్తూరు దగ్గర పల్లె. నాన్న 22 ఏళ్లుగా గ్రానైట్ కోత, పాలిష్ పనిలో ఉన్నారు. ముఖానికి తువ్వాలు చుట్టుకోవడమే ఆయనకు తెలిసిన రక్షణ. సాయంత్రానికి కనుబొమ్మలు కూడా తెల్లబడి ఉంటాయి. మూడు నెలలుగా దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. క్షయ కాదని చెప్పి దగ్గు మందు రాసిచ్చారు. ఏం పని చేస్తారని ఒక్కరూ అడగలేదు!

రాతి దుమ్ములోని సిలికాతో సిలికోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు) ఒక్కటే కాదు, ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా రావచ్చని, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే దాన్ని మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో, చేర్చిందని చదివాక నాకు నిద్ర లేదు. పైగా ఆయన బీడీ మానరు.

ఎక్స్‌రే సరిపోతుందా, సీటీ స్కాన్ కూడా తీయించాలా? తిరుపతిలో ఇలాంటివి చూసే వైద్యులు తెలుసా? ఈఎస్‌ఐ కార్డు లేదు, కూలి చీటీలే ఉన్నాయి. సిలికోసిస్ అని తేలితే పరిహారం అడగడానికి అవి పనికొస్తాయా?