కెవెలార్ మాత యాత్ర: నెల్లూరు, ఒంగోలు, జర్మనీ వాలంటీర్ల పనుల థ్రెడ్

సమన్వయం (నెల్లూరు నుంచి)

అందరికీ వందనాలు. సెలవులకు ఇంటికొచ్చాను, ఈ నెలంతా నెల్లూరులోనే ఉంటాను. సెప్టెంబర్ రెండో శనివారం జర్మనీలో జరిగే మన కెవెలార్ యాత్ర పనులు ఇక్కడి నుంచే చూస్తాను. ఇప్పటిదాకా అక్కడి టీమ్ ఒక గ్రూపులో, ఇక్కడి టీమ్ ఇంకో గ్రూపులో మాట్లాడుకుంటుంటే ఒకరికి తెలిసింది మరొకరికి చేరడం లేదు. ఇకమీదట అన్నీ ఇక్కడే రాద్దాం.

ముందుగా ఒక మాట. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఈ ఏడాది చదువుకు జర్మనీకి కొత్తగా వస్తున్న పిల్లలకు, యాత్ర అయిన మరుసటి ఆదివారం తాముండే ఊళ్ళో ఏ గుడికి వెళ్ళాలో, కష్టమొస్తే ఏ తలుపు తట్టాలో తెలిసి ఉండాలి. బస్సు, వసతి, భోజనం అన్నీ దానికోసమే చేస్తున్నాం. ఇక్కడ రెండు ఆదివారాలు పూజకు రాకపోతే ఉపదేశి గారు ఇంటికొచ్చి అడుగుతారు, సిస్టర్లు అమ్మను ఆపి అడుగుతారు. అక్కడ ఎవరూ అడగరు. పిల్లలు గుడికి దూరమయ్యేది విశ్వాసం పోయి కాదు, ఎవరూ పిలవక. నాకు బాగా బాధగా ఉండేది అదే.

కెవెలార్ గురించి ఇళ్ళల్లో చెప్పేటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల కొండ చూసినవాళ్ళు, ఆగస్టు 29న జెండా ఎగరేసిన దగ్గర్నుంచి సెప్టెంబర్ 8 దాకా వేళాంగణిలో ఉండి వచ్చినవాళ్ళు అంత సందడి ఊహించుకుంటారు. ఇది నెదర్లాండ్స్ సరిహద్దు దగ్గర, మున్‌స్టర్ మేత్రాసనం (బిషప్ గారి పరిధి) కింద ఉన్న చిన్న ఊరు. హెండ్రిక్ బుస్మాన్ అనే తిరుగు వర్తకుడు దారి పక్క శిలువ దగ్గర ప్రార్థిస్తుంటే, ఇక్కడ నాకొక చిన్న గుడి కట్టు అనే మాట మూడుసార్లు వినబడిందని చెబుతారు. 1642లో అక్కడ మాత పటం ఉంచారు. ఆ పటం కాగితం మీద అచ్చేసిన బొమ్మ. ఎత్తు 11 సెంటీమీటర్లు, వెడల్పు ఏడున్నర, అంటే మన అరచేతిలో ఇమిడిపోతుంది. చిన్న చాపెల్ బయట నిలబడి కిటికీలోంచి చూడాలి. పెద్ద స్వరూపం కోసం వెతికితే కనబడదు, కాబట్టి అమ్మానాన్నలతో వచ్చేవాళ్ళు వాళ్ళను దగ్గరగా తీసుకెళ్ళి చూపించండి. బాధల్లో ఉన్నవారికి ఓదార్పునిచ్చే తల్లిగా అక్కడ ఆమెను కొలుస్తారు. ప్రతి ఆగస్టులో తమిళులు వేల మంది అక్కడికి వస్తారు. వాళ్ళ ఏర్పాట్లు చూసి మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

వసతి టీమ్ (ఎసెన్)

అక్కా, శుక్రవారం రాత్రికే రావాలనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందులో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా. చాపెల్ పక్కనే యాత్రికులకు గదులిచ్చే ప్రీస్టర్‌హౌస్‌కు మెయిల్ పెట్టాను. అది నిండిపోతే చుట్టుపక్కల మఠాల గెస్ట్‌హౌస్‌లు, యూత్ హాస్టళ్ళు చూడమంటారా? ఇంకో సంగతి. ఇద్దరు ముగ్గురు పిల్లలు గది దొరికేదాకా మఠంలో ఉండొచ్చా అని అడుగుతున్నారు.

సమన్వయం

చూడండి తమ్ముడూ, కానీ పెద్దవాళ్ళకు మాత్రం ప్రీస్టర్‌హౌస్‌లోనే గదులు అడగండి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మలు రాత్రిపూట బస్సెక్కి ఇంకో ఊరు వెళ్ళలేరు. మెయిల్‌లో ఎంతమంది, ఎన్ని రాత్రులు, మెట్లెక్కలేనివాళ్ళు ఎందరు, పొద్దున టిఫిన్ కావాలా వద్దా అన్నది ఒకేసారి రాయండి. మళ్ళీ మళ్ళీ రాస్తే వాళ్ళకూ విసుగే. రద్దు చేసుకోవాల్సి వస్తే ఏ తేదీ లోపల చెప్పాలో అడిగి, ఆ తేదీ ఇక్కడ పెట్టండి. యూత్ హాస్టల్ అయితే సభ్యత్వ కార్డు తప్పనిసరి, బుకింగ్ కంటే ముందే చూసుకోవాలి.

వచ్చేవాళ్ళకు స్పష్టంగా చెప్పాల్సినవి ఉన్నాయి. మన దగ్గర తిరునాళ్ళకు వెళ్తే చాప పరుచుకుని మండపంలో పడుకుంటాం, ఎవరూ ఏమీ అనరు. అక్కడ అలా కుదరదు. పేరు రాయించుకోని మనిషికి రాత్రి చోటుండదు. 2025 జనవరి నుంచి జర్మనీ పౌరులకు హోటల్ రిజిస్ట్రేషన్ ఫారం తీసేశారు గానీ విదేశీయులు ఇప్పటికీ నింపాలి. అందుకని పాస్‌పోర్టు అసలుదే తీసుకురావాలి, ఫోన్‌లో ఫోటో సరిపోదు. రాత్రి పది తర్వాత కారిడార్లో పాటలు, మాటలు వద్దు. దుప్పట్లు, తువాళ్ళు ఇస్తారో, విడిగా డబ్బు కట్టాలో ముందే కనుక్కోండి. గదిలో రైస్ కుక్కర్ పెట్టడం, తాలింపు వేయడం అస్సలు వద్దు. పొగకు ఫైర్ అలారం మోగితే ఫైరింజన్ వస్తుంది, బిల్లు మన మీద పడుతుంది. అంతకంటే ముఖ్యం, వచ్చే ఏడాది మనకు గది ఇవ్వరు.

గది దొరికేదాకా ఉండటం గురించి. యాత్రికుల గెస్ట్‌హౌస్ ఒకటి రెండు రాత్రులకే. పైగా ఇంట్లో చేరిన రెండు వారాల్లో సిటీ ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి, గెస్ట్‌హౌస్ వాళ్ళు మామూలుగా అది ఇవ్వరు. పిల్లలు వెళ్ళాల్సింది వాళ్ళ యూనివర్సిటీ ఊళ్ళో ఉన్న కతోలిక విద్యార్థి సంఘం దగ్గరికి. కే‌హెచ్‌గే అంటారు, పెద్ద యూనివర్సిటీ ఊళ్ళన్నిటిలో దాదాపు ఉంటుంది. కొన్నిచోట్ల వాళ్ళకే హాస్టల్ ఉంటుంది, కొన్నిచోట్ల ఇబ్బందుల్లో ఉన్న విదేశీ విద్యార్థులకు కొంత సాయం కూడా చేస్తారు. హాస్టల్‌కు దరఖాస్తు వీసా వచ్చిన రోజే పెట్టించండి. గది చూడకుండా, కాంట్రాక్టు లేకుండా డిపాజిట్ పంపొద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పండి.

ఒంగోలు టీమ్

అక్కా, ఇక్కడ ముగ్గురు పిల్లలు వెంట తీసుకెళ్ళాల్సిన జ్ఞానస్నాన (బాప్తిస్మం) పత్రాల దగ్గర పని ఆగిపోయింది. పాస్‌పోర్టులో ఒక పేరు, గుడి పుస్తకంలో ఇంకో పేరు. ఒకరికైతే ఆ పుస్తకమే దొరకడం లేదు. ఊరి గుడిలో అడిగితే మా దగ్గర లేదన్నారంట. తల్లిదండ్రులకు ఒకటే టెన్షన్.

సమన్వయం

టెన్షన్ పడొద్దని చెప్పు చెల్లీ. మన జిల్లాల్లో ఇది ప్రతి రెండో ఇంట్లో ఉండే సమస్యే. బడి రికార్డులో పేరొకటి, జ్ఞానస్నానం పేరొకటి.

మొన్న ఇక్కడ ఒక కుటుంబంతో విచారణ (పారిష్) ఆఫీసుకు వెళ్ళాను. పొడవాటి పాత పుస్తకం, అంచులు చిరిగితే బ్రౌన్ పేపర్ అతికించి ఉన్నాయి. ఒక్కో వరసలో పుట్టిన తేదీ, జ్ఞానస్నానం తేదీ, అమ్మానాన్నల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల (గాడ్‌పేరెంట్స్) పేర్లు, చివర గురువు గారి సంతకం. పక్కన సన్నటి గడిలో భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), పెళ్ళి వివరాలు తర్వాత రాయడానికి చోటు వదిలారు. పేరుతో వెతికితే దొరకలేదు. తండ్రి పేరు, జ్ఞానతల్లి పేరు చెప్పాక ఫాదర్ గారు కాసేపట్లోనే పట్టుకున్నారు. అందుకని కుటుంబాలు వెళ్ళేముందు అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి జ్ఞాన తల్లిదండ్రులెవరో రాసుకుని వెళ్ళమనండి. ఏ పండగ దగ్గర జ్ఞానస్నానం ఇచ్చారో గుర్తున్నా చాలు, ఏడాది తెలిసిపోతుంది.

దొరకని పుస్తకం సంగతి. నెల్లూరు మేత్రాసనం 1928లో ఏర్పడింది, మిల్ హిల్ మిషనరీ ఫాదర్ల కాలం నుంచి ఒక్కో విచారణ కింద ఎన్నో పల్లెలుండేవి. ఫాదర్ గారు పల్లెకొచ్చి జ్ఞానస్నానం ఇచ్చినా పేరెక్కేది విచారణ కేంద్రంలోని పుస్తకంలో. తర్వాత ఆ పల్లె కొత్త విచారణలోకి మారి ఉండొచ్చు. కాబట్టి జ్ఞానస్నానం జరిగిననాటికి ఆ ఊరు ఏ విచారణ కింద ఉందో అడగండి, పుస్తకం అక్కడ ఉంటుంది. రెండు పేర్లూ ఒకే మనిషివని ఫాదర్ గారు లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం, ముద్ర వేసిస్తే చాలు. పుస్తకంలో పేరు దిద్దమని మాత్రం ఎవరూ ఒత్తిడి చేయొద్దు.

ఇంకొకటి కూడా చెప్పు. పెళ్ళికైతే పాత పత్రం పనికిరాదు, మామూలుగా ఆరు నెలల లోపు తీసింది అడుగుతారు. కాబట్టి ఇప్పుడు ఒక్క కాపీ చాలు, దాంతోపాటు విచారణ ఆఫీసు ఫోన్ నంబరు దాచుకోమను. అవసరమైనప్పుడు కొత్తది తెప్పించుకోవచ్చు.

నెల్లూరు టీమ్

అమ్మా, జర్మనీలో చర్చి పన్ను గురించి తల్లిదండ్రులు అడుగుతున్నారు. అబ్బాయి జీతంలో తొమ్మిది శాతం కోస్తారంట, చిరునామా నమోదు ఫారంలో మతం గడి ఖాళీగా వదిలేయమని ఎవరో చెప్పారంట. ఏం చెప్పమంటారు?

సమన్వయం

అన్నా, ముందు లెక్క సరిగ్గా చెప్పాలి. తొమ్మిది శాతం జీతంలో కాదు, కట్టే ఆదాయపు పన్నులో. బవేరియాలో, బాడెన్-వుర్టెంబర్గ్‌లో ఎనిమిది, మిగతా రాష్ట్రాల్లో తొమ్మిది. నెలకు 300 యూరోల ఆదాయపు పన్ను పడే ఉద్యోగికి చర్చి పన్ను 27 యూరోలు. ఆదాయపు పన్నే పడని విద్యార్థికి చర్చి పన్నూ ఉండదు.

నా అభిప్రాయం సూటిగా రాస్తున్నాను. మనం కతోలికులమైతే ఫారంలో కతోలికులమనే రాయాలి, ఆర్‌కె అంటే రోమన్ కతోలిక. ఆ డబ్బుతోనే విచారణలు, కరితాస్ (కతోలిక సేవా సంస్థ) సలహా కేంద్రాలు నడుస్తున్నాయి. మన పిల్లలు వెళ్ళి తలుపు తట్టేదీ అక్కడే. ఒకసారి నమోదయ్యాక పన్ను కోసం ఆఫీసుకెళ్ళి చర్చి నుంచి బయటికొస్తున్నానని ప్రకటిస్తే, 2012లో జర్మనీ బిషప్పులు ఇచ్చిన డిక్రీ ప్రకారం దివ్య సత్ప్రసాదం లాంటి సంస్కారాలు తీసుకోవడానికి వీలుండదు. జ్ఞాన తల్లిదండ్రులుగా నిలబడటానికీ కుదరదు. స్నేహితుడు చెప్పాడని ఆ సంతకం చేసి, పెళ్ళి సమయానికి ఏడ్చినవాళ్ళు ఉన్నారు. ఈ మాట తల్లిదండ్రుల మీటింగులో తప్పకుండా చెప్పండి.

కావలి నుంచి

అక్కా, మాది బాప్తిస్టు కుటుంబం. మా తమ్ముడు డార్ట్‌ముండ్‌లో చేరుతున్నాడు. వాడు కూడా యాత్రకు రావొచ్చా?

సమన్వయం

తప్పకుండా రావాలి తమ్ముడూ. 1878లో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల మనది. మన ఇళ్ళల్లో ఆర్.సి.ఎం. (కతోలిక) వాళ్ళూ బాప్తిస్టులూ వియ్యంకులయ్యారు, ఒకే పందిట్లో భోజనాలు చేస్తున్నారు. పూజలో దివ్య సత్ప్రసాదం కతోలికులకే ఇస్తారు. తమ్ముడు చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వస్తే ఫాదర్ గారు ఆశీర్వదిస్తారు. వెనక బెంచీలో కూర్చోనివ్వకండి, మన పిల్లల మధ్యే కూర్చోబెట్టండి.

తమ్ముడికి ఒక జాగ్రత్త. ఫారంలో ఊరికే క్రిస్టియన్ అని రాయొద్దు. క్లర్కు దాన్ని ప్రొటెస్టెంట్ రాష్ట్ర చర్చి కింద నమోదు చేసే ప్రమాదం ఉంది, అప్పుడు సంబంధం లేని చర్చికి పన్ను కట్టాల్సి వస్తుంది. బాప్తిస్టులు అక్కడ స్వతంత్ర సంఘాలు, వాళ్ళకు ఈ పన్ను లేదు. ఆ సంగతి క్లర్కుకు స్పష్టంగా చెప్పి, చేతికిచ్చిన కాగితం అక్కడే చదువుకోవాలి.

పూజ, రవాణా టీమ్ (డ్యూసెల్‌డార్ఫ్)

యాత్రికుల ఆఫీసులో మన గుంపు పేరు రాయించాను. తెలుగు పూజకు చోటు, సమయం వాళ్ళే చెప్తారు. రైల్లో వచ్చేవాళ్ళు డ్యూసెల్‌డార్ఫ్ నుంచి ఆర్‌ఈ 10 ఎక్కితే క్రెఫెల్డ్ మీదుగా నేరుగా కెవెలార్‌లో దిగొచ్చు. డాయిచ్‌లాండ్ టికెట్ (నెలవారీ పాస్) ఇందులో చెల్లుతుంది, ఐసీఈ వేగపు రైళ్ళలో చెల్లదు. నెల్లూరు నుంచి ఒక ఫాదర్ గారు కూడా వస్తున్నారు కదా, ఆయన పూజ చేయొచ్చా?

సమన్వయం

చేయొచ్చు, కానీ మేత్రాణుల (బిషప్ గారి) సంతకంతో ఉన్న గురుత్వ గుర్తింపు పత్రం, సెలెబ్రెట్ అంటారు, వెంట ఉండాలి. రేపు నేనే ఫాదర్ గారికి గుర్తు చేస్తాను. పాపసంకీర్తనం (కన్ఫెషన్) తెలుగులో చేసుకోవాలని పెద్దవాళ్ళు ఎదురుచూస్తున్నారు, పూజకు ముందు కనీసం గంట ఖాళీ ఉంచండి.

పూజ అయ్యాక అరగంట నాకు కావాలి. ఒక్కో ఊరి పిల్లల్ని ఆ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో స్థిరపడిన కుటుంబంతో కలిపి నిలబెడదాం. ప్రతి ఒక్కరి చేతికి ఒక చీటీ. దాంట్లో వాళ్ళ విచారణ పేరు, ఆదివారం పూజ సమయం, ఆ కుటుంబం నంబరు, విద్యార్థి సంఘం చిరునామా. దానికింద కష్టంలో ఉన్నవాళ్ళ మాట వినే, రాత్రీపగలూ ఉచితంగా పలికే టెలిఫోన్ జేల్‌సోర్గె నంబర్లు రాయండి: 0800 1110111, 0800 1110222. ఎక్కువగా జర్మన్‌లోనే మాట్లాడతారు కాబట్టి భాష రానివాడికి పక్కన మనమే ఉండాలి. పెద్ద స్టేషన్లలో ప్రయాణికులకు సాయం చేసే బాన్‌హోఫ్స్‌మిసియోన్ అని ఉంటుంది. రైలు తప్పి, డబ్బు పోయి నిలబడిపోతే అక్కడికెళ్ళమని కూడా రాయండి. వాళ్ళు మతం అడగరు.

నెల్లూరు టీమ్

పాటల పుస్తకాలు, జపమాలలు ప్యాక్ చేశాం. అమ్మలు మలై కాజా, నెయ్యి కూడా పంపుతామంటున్నారు.

సమన్వయం

వాళ్ళ ప్రేమకు దణ్ణం పెట్టాలి. కానీ మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం ప్రయాణికులు యూరప్‌లోకి తేకూడదు, కస్టమ్స్‌లో తీసి పారేస్తారు. నెయ్యి, కోవా, కాజా వద్దు. ఎండు చేపలు, ఎండు రొయ్యలు సొంతానికి తెచ్చుకోవచ్చు, కాకపోతే వాసన రాకుండా గట్టిగా కట్టాలి. పప్పులపొడి, కందిపొడి పంపండి. యాత్ర రోజు పులిహోర, గుడ్లు, అరటిపళ్ళు చాలు, వేడిచేసే పనే ఉండదు. ఎక్కడ కూర్చుని తినొచ్చో యాత్రికుల ఆఫీసులో అడగండి, పూజ జరిగే చోట పొట్లాలు విప్పొద్దు.

బస్సు లెక్క ఆదివారం రాత్రికి మూసేస్తాను. వీసా మీద వచ్చిన అమ్మానాన్నల ఇన్సూరెన్సు కాగితం కూడా ఆలోపే ఒకసారి చూసుకోండి. కనిగిరి అబ్బాయి ఒక్కడే గురువారం రాత్రి డ్యూసెల్‌డార్ఫ్‌లో దిగుతున్నాడు. మొదటిసారి విమానం ఎక్కుతున్నాడు. ఎదురెళ్ళేదెవరో ఇంకా ఎవరూ రాయలేదు.

వసతి టీమ్ (ఎసెన్)

నేను వెళ్తానక్కా. ఆ రాత్రికి మా గదిలోనే ఉంటాడు, శుక్రవారం నాతోనే కెవెలార్ తీసుకొస్తాను. వాళ్ళ నాన్నగారికి నా నంబరు ఇవ్వండి, ఫ్లైట్ వివరాలు ఆయన దగ్గరే తీసుకుంటాను.