రేకుల షెడ్డు వర్క్‌షాపుకి డక్ట్, ఇన్సులేషన్: చేసినవాళ్లు చెప్పండి

ఎచ్చెర్ల_చెక్కపని
ఇంటి వెనక రేకుల షెడ్డు. పొడవు 20 అడుగులు, వెడల్పు 15, సగటు ఎత్తు 12. రంపం మిషన్, చిత్రిక మిషన్, ఒక మూల ఆర్క్ వెల్డింగ్. మార్చి దాటితే మధ్యాహ్నం లోపల నిలబడలేం. నాలుగు సంగతులు కావాలి: డక్ట్ (చల్లగాలి పంపే రేకు గొట్టం) ఏ కొలత? రేకు కింద ఏం వేయాలి? డక్ట్ కూలరా, ఏసీనా? పడమటి గోడ ఒంటి ఇటుక, దానికి ఏం చేయాలి?

డక్ట్_మేస్త్రి_ఇజీనారం
20×15×12 అంటే 3600 ఘనపుటడుగులు. కూలరైతే గంటకి 30 సార్లు గాలి మారాలి, అంటే నిమిషానికి 1800 ఘనపుటడుగులు. మెయిన్ డక్ట్‌లో గాలి నిమిషానికి 1200 అడుగులు మించి పరిగెత్తకూడదు, మించితే హోరు. 1800ని 1200తో భాగిస్తే ఒకటిన్నర చదరపుటడుగు. అంటే 18 అంగుళాలు × 12 అంగుళాలు. సగం దూరంలో ఒక కొమ్మ తీశాక మిగతా డక్ట్ 12×9కి తగ్గించండి, ప్రతి కొమ్మకీ డ్యాంపర్ (గాలిని తగ్గించే, ఆపే రేకు తలుపు) పెట్టండి. 24 గేజ్ జీఐ (జింకు పూత) రేకు చాలు. బ్లోయరుకీ డక్ట్‌కీ మధ్య 6 అంగుళాల కాన్వాస్ గుడ్డ తప్పనిసరి, లేకపోతే షెడ్డంతా వణుకుతుంది. మూల తిప్పేచోట పెట్టెలా కోసి అతికించొద్దు. 18 అంగుళాల డక్ట్‌కి నడిగీత మీద 27 అంగుళాల వ్యాసార్థంతో వంపు రావాలి.

గరివిడి_లేత్
అసలు కూలరే వద్దు. ఇనుప మిషన్లున్న చోట కూలరంటే తుప్పుని పిలిచి పీట వేయడమే. రంపం మిషన్ బల్ల పోత ఇనుము. రాత్రి కూలరు ఆపాక ఆ తడిగాలి లోపలే నిలిచిపోతే తెల్లారేసరికి బల్ల మీద ఎర్రపూత.

డక్ట్_మేస్త్రి_ఇజీనారం
కూలరు ఆపే ముందు పంపు కట్టేసి ఫ్యాన్ ఒక్కటే అరగంట తిప్పితే ఆ తడి పోతుంది. చాలామంది వదిలేసేది ఇంకొకటుంది, గాలి బయటికి పోయే దారి. నిమిషానికి వచ్చే ప్రతి 1000 ఘనపుటడుగుల గాలికి 2 చదరపుటడుగుల లెక్కన ఇక్కడ 3.6కి తక్కువ కాకుండా ఎదుటి గోడ పైభాగంలో తెరవాలి. తలుపులన్నీ మూసి కూలరు వేస్తే ఉక్క పెరగడం తప్ప చల్లదనం రాదు.

బొబ్బిలి_పనస
ఊరు ఏదో చూడకుండా కూలరు లెక్క చెప్పకండి. 38 డిగ్రీలు, తేమ 40 శాతం ఉన్న రోజున తడిబల్బు (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే వేడి, కూలరు అంతకన్నా చల్లబరచలేదు) 27. కూలరులో మంచి హనీకోంబ్ (తేనెపట్టు గళ్ల) ప్యాడ్ ఆ రెంటి తేడాలో 80 శాతం లాగుతుంది, కాబట్టి 29 వస్తుంది. బాగుంది. ఎచ్చెర్ల వైపు సముద్రపు గాలి తిరిగాక 34 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకోండి. తడిబల్బే 30. మహా అయితే 31 వస్తుంది, అదీ తడి ముద్దలాంటి గాలి. చెక్కకి అది మరీ చేటు. పనస చెక్క అతుకులు ఆ గాలిలో ఉబ్బుతాయి, పొడి వాతావరణంలోకి తీసుకెళ్లాక బిగువు పోతుంది. బొబ్బిలి వీణకి ఒకే పనస మానుని తొలుస్తారు. అక్కడ చెక్క ఆరడం ఎంత ముఖ్యమో పనివాళ్లని అడగండి.

రాజాం_ఫ్యాబ్రికేషన్
ముందు రేకు సంగతి చూడండి. మధ్యాహ్నం రేకు 60 డిగ్రీలు దాటుతుంది. మీ 300 చదరపుటడుగుల కప్పు నుంచి, లోపల 34 ఉంటే, నాలుగున్నర కిలోవాట్ల వేడి కిందికి దిగుతుంది. టన్ను ఏసీ లాగేది మూడున్నరే. రేకు కింద 50 మిల్లీమీటర్ల గ్లాస్ ఊల్ వేస్తే ఆ వేడి అర కిలోవాట్‌కి పడిపోతుంది. డక్ట్ కొలత ఆ తర్వాత మాట. పర్లిన్ల (రేకుని మోసే అడ్డ కడ్డీల) కింద చికెన్ మెష్ లాగి, దాని మీద ఘనపు మీటరుకి 24 కిలోల సాంద్రత ఉన్న గ్లాస్ ఊల్ పరవాలి. ఊల్‌కి అతికిన ఫాయిల్ (ఆవిరిని ఆపే అల్యూమినియం పొర) లోపలి వైపుకి, అంటే కిందికి ఉండాలి.

డక్ట్_మేస్త్రి_ఇజీనారం
ఫాయిల్ లోపలికా? చలిదేశాల వీడియోలు చూసి రాస్తున్నారా? అక్కడ ఇంట్లో హీటరు, డక్ట్‌లో వేడిగాలి. తేమ లోపలి నుంచి బయటికి పోతుంది కాబట్టి ఆవిరిని ఆపే పొర లోపల. మన దగ్గర తేమంతా బయటే ఉంది. ఫాయిల్ బయటికే ఉండాలి.

రాజాం_ఫ్యాబ్రికేషన్
నేను కప్పు గురించి చెబితే మీరు డక్ట్ గురించి మాట్లాడుతున్నారు. ఏసీ లేని షెడ్డులో డిసెంబరు, జనవరి రాత్రుళ్లు రేకు ఆకాశానికి వేడి వదిలి చుట్టూ గాలి కంటే చల్లబడుతుంది. షెడ్డులోని తేమ పైకెక్కి రేకు అడుగున నీరుగా మారుతుంది. తెల్లవారుజామున రేకు నుంచి చుక్కలు కారేది అందుకే. ఫాయిల్ కింద ఉంటే ఆ తేమ రేకు దాకా పోదు. రేకే పైన వానకీ ఆవిరికీ అడ్డు.

డక్ట్_మేస్త్రి_ఇజీనారం
ఏసీ పెడితే ఏం చేస్తారు? నలభై డక్ట్ పనులు చేయించినవాణ్ణి, నాకు రేకుల పాఠం చెప్పక్కర్లేదు.

రాజాం_ఫ్యాబ్రికేషన్
నలభై చేయించినా తప్పు తప్పే. ఏసీ పెట్టినా కప్పు దగ్గర పైన రేకు అడ్డు ఉండనే ఉంది, అతుకుల్లో బ్యూటైల్ టేపు వేస్తే చాలు.

పలాస_బోర్మా
ఇద్దరూ ఆగండి బాబూ. తేమ ఎటు నుంచి వస్తుందో ఫాయిల్ అటు. ఏసీ డక్ట్ లోపల 14 డిగ్రీల గాలి, బయట 34 డిగ్రీలు, 75 శాతం తేమ. ఆ బయటి గాలిలోని తేమ 29 డిగ్రీల దగ్గరే నీరవుతుంది. కాబట్టి డక్ట్‌కి పొర బయటే, మేస్త్రిగారి మాట నిజం. షెడ్డు కప్పుకి రాజాం వారి మాట నిజం. జీడిపప్పు ఆరబెట్టే బోర్మాలో 70 డిగ్రీల వేడి, పప్పు వదిలే ఆవిరి రెండూ లోపలే, కాబట్టి అక్కడ రేకు లోపలి వైపు, ఊల్ బయట.

ఎచ్చెర్ల_చెక్కపని
ఏసీయే అనుకుంటే డక్ట్‌కి ఏం చుట్టాలి? గ్లాస్ ఊలేనా?

డక్ట్_మేస్త్రి_ఇజీనారం
మన తీరంలో వద్దు. ఫాయిల్ ఎక్కడ గీసుకున్నా ఊల్ నీళ్లు తాగి బరువెక్కి వేలాడుతుంది, ఆ తర్వాత ఎండదు. మూసిన కణాల నైట్రైల్ రబ్బరు 25 మిల్లీమీటర్లు చుట్టండి. రేకుని సాల్వెంట్‌తో తుడిచి, రెండు వైపులా గమ్ రాసి, అది చేతికి అంటనంతగా ఆరాక అతికించాలి. తడిగా అతికిస్తే నెలలోనే అంచులు లేస్తాయి. ఫ్లాంజిలనీ (డక్ట్ ముక్కలు కలిపే అంచు పట్టీలనీ), వేలాడదీసే కడ్డీలు తగిలే చోట్లనీ వదలొద్దు. డక్ట్ చెమ్మ పట్టేది అక్కడే. గుడ్డ టేపు వద్దు, అల్యూమినియం టేపు.

గరివిడి_లేత్
రంపపు పొట్టు సంగతి ఎవరూ ఎత్తలేదే. పొట్టు లాగే మిషన్ గాలిని బయటికి వదిలితే ఏసీ చల్లబరిచిందంతా దాని వెంటే పోతుంది. నిమిషానికి 800 ఘనపుటడుగులు లాగే మిషన్ మీ గదిని నాలుగున్నర నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. సన్న ఫిల్టరు పెట్టి గాలిని లోపలికే తిప్పాలి. ఏసీకి తిరిగివచ్చే గాలి గ్రిల్లు చిత్రిక మిషన్‌కి దూరంగా, విడిగా కడిగే ఫిల్టరుతో.

టెక్కలి_వెల్డర్
వెల్డింగ్ ఉందని రాశారు, థర్మోకోల్ చవకని ఎవరైనా చెబితే వినకండి. నిప్పురవ్వకి కరిగి మంటతో కిందికి కారుతుంది. ఫోమ్ షీటు కూడా అంతే, కాలుతుంది. గ్లాస్ ఊల్ కాలదు గానీ దాని ఫాయిల్ వెనకున్న క్రాఫ్ట్ కాగితం కాలుతుంది. ఆ మూలలో 8 అడుగుల మేర ఊల్ కింద పల్చని జీఐ రేకు బిగించండి. వెల్డింగ్ జరిగేటప్పుడు పొట్టు మిషన్ ఆపాలి. రవ్వ గొట్టంలోకి పోతే సంచిలో రాజుకుని గంట తర్వాత మండుతుంది.

పలాస_బోర్మా
కప్పుకి కన్నాలు పెట్టకండి. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న మా పక్కనే తీరం దాటింది. గాలి లాగుడు చూరు అంచుల్లోనూ కొప్పు దగ్గరా ఎక్కువ, ఆ రెండు వరసల్లో రేకు ప్రతి గుబ్బకీ స్క్రూ ఉండాలి. గాలిదారి త్రికోణపు గోడలో పెట్టండి.

బొబ్బిలి_పనస
వీటన్నిటికన్నా ముందు రేకు మీద తెల్ల కూల్‌రూఫ్ పెయింటు రెండు పూతలు. తుప్పు గీకి ప్రైమర్ వేశాకే. పడమటి గోడకి కూడా అదే తెలుపు, వీలైతే అడుగు ఎడంగా తాటాకు దడి.

ఎచ్చెర్ల_చెక్కపని
తెలుపు, ఊల్, రంపం దగ్గర ఏసీ అనుకుంటున్నాను. రేకుకీ ఊల్‌కీ మధ్య ఖాళీ వదలాలా?

రాజాం_ఫ్యాబ్రికేషన్
వదలండి, 25 మిల్లీమీటర్లు. నొక్కేస్తే 50 కాస్తా 30 అవుతుంది, పనితనం అంతమేర తగ్గుతుంది. మెష్ వదులుగా ఉంటే ఊల్ మధ్యలో జారి అంచుల్లో సందులు పడతాయి. ప్రతి 2 అడుగులకీ పర్లిన్‌కి తీగతో కట్టండి.