ఫినాస్టెరైడ్: పావు మాత్ర వేసుకుంటే సైడ్ ఎఫెక్ట్స్ తగ్గుతాయా?

నీలిగీత:
జుట్టు రాలుతోందని రోజూ 1 మి.గ్రా. ఫినాస్టెరైడ్ వాడేవాళ్లలో కొందరు, లైంగిక కోరిక తగ్గిందని మాత్రను నాలుగు ముక్కలు చేసి ఒక్కటే వేసుకుంటున్నారు. దీనివల్ల లాభం ఉంటుందా?

వేరుమూలం:
పెద్దగా ఉండదండి. 0.2 మి.గ్రా.కే రక్తంలో, జుట్టు రాలడానికి కారణమయ్యే మగ హార్మోన్ డీహెచ్‌టీ దాదాపు 69 శాతం పడిపోతుంది. 1 మి.గ్రా.కు 71, 5 మి.గ్రా.కు 72. మందు రక్తంలో సగమవడానికి 5-6 గంటలే పట్టినా, డీహెచ్‌టీని తయారుచేసే ఎంజైమ్‌ను ఒకసారి పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. రోజు విడిచి రోజు వేసుకున్నా అంతే. పైగా మాత్ర విరిగితే పైపూత పోతుంది. గర్భిణులు ఆ పొడిని ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ముప్పుంది.

తూకంరాయి:
లెక్కలు సరే, మరి పావు మాత్రతో తేలికపడ్డామనేవాళ్ల మాటేమిటి? ఈ మందు ట్రయల్స్‌లో లైంగిక ఇబ్బందులు మందు వాడినవాళ్లలో 3.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2.1 శాతం. తేడా 1.7. మిగతాది మందు వల్ల కాదు, అందులో భయం వల్ల వచ్చేదీ ఉంటుంది. 2007లో వచ్చిన అధ్యయనం చూడండి: ఇబ్బందులు రావచ్చని ముందే చెప్పినవాళ్లలో 43.6 శాతం మందికి వచ్చాయి, చెప్పనివాళ్లలో 15.3 శాతం మందికే.

వేరుమూలం:
అది ప్రొస్టేట్ పెరిగినవాళ్లకు 5 మి.గ్రా. ఇచ్చి చేసింది. దాన్ని జుట్టు కోసం వాడే కుర్రాళ్లకు ఎలా అంటగడతారు?

తూకంరాయి:
మీరే కదా 1కీ 5కీ డీహెచ్‌టీలో తేడా ఒక్క శాతమేనన్నారు!

గడియారం:
మధ్యలో ఒక్కమాట. ఈ మందు వాడుతూ, ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానం కోసం చేసే పీఎస్‌ఏ పరీక్ష చేయించుకుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఆరు నెలలు దాటాక ఆ సంఖ్య దాదాపు సగానికి పడుతుంది, రెట్టింపు చేసి చదవాలి. 1 మి.గ్రా.కూ ఇదే వర్తిస్తుంది.

వేరుమూలం:
తూకంరాయి గారూ, తేడా వయసులో ఉంది, జబ్బులో ఉంది. అయినా మీరు వదిలేసినవి రెండున్నాయి. మందు ఆపాక కూడా కోరిక తగ్గడం కొనసాగవచ్చని 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లేబుల్‌లో చేర్పించింది. ఆత్మహత్య ఆలోచనలు ఈ మందు సైడ్ ఎఫెక్టేనని 2025లో యూరప్ నియంత్రణ సంస్థ నిర్ధారించింది. ఇవి కూడా భయమేనా?

తూకంరాయి:
ప్రతి ప్రశ్నకూ ఇలా బెదరగొడితే మందు పనిచేసేవాళ్లు కూడా పారిపోతారు.

వేరుమూలం:
అంటే దాచమంటారా? సూటిగా చెప్పండి.

తూకంరాయి:
చెప్తాను. మనసుకు సంబంధించినవి మొదటిరోజే చెప్పాలి, అందులో పేచీ లేదు. లైంగిక ఇబ్బందుల జాబితా మాత్రం అడగకుండా ఏకరువు పెట్టకూడదు. చెప్పడమే కొందరికి జబ్బు తెస్తుంది. మన తగాదా పావు మాత్ర మీద కాదు, దీని మీదే.

వేరుమూలం:
అక్కడే ఒప్పుకోను. ఇది ప్రాణం నిలిపే మందు కాదు, జుట్టు కోసం వాడేది. నష్టం ఎవరి ఒంటికో నిర్ణయం వాళ్లదే. మీరు చెప్పిన 3.8, 2.1 రెండూ పక్కపక్కన పెట్టి చెప్పండి, భయం అదుపులోనే ఉంటుంది. గతంలో డిప్రెషన్ ఉందేమో అడగాలి. కోరిక, నిద్ర, మనసు ఎలా ఉన్నాయో మొదలుపెట్టక ముందే రాసి పెట్టుకోమనాలి. లేకపోతే తర్వాత దేనితో పోల్చుకుంటారు?

తూకంరాయి:
రాసిపెట్టుకోవడం బాగుంది. జాబితా విషయంలో నా మాట మారదు.

నీలిగీత:
మరి ఇబ్బంది వచ్చాక ఏం చేయాలి?

వేరుమూలం:
మనసు కుంగితే, చావు ఆలోచన వస్తే మాత్ర వెంటనే ఆపి అదే రోజు డాక్టరును కలవాలి. కోరిక తగ్గితే ముక్కలు చేయకుండా, ఆపడం గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఆపిన రెండు వారాల్లో డీహెచ్‌టీ మామూలు స్థాయికి వస్తుంది, నిలిచిన జుట్టు మాత్రం ఏడాదిలోపు మళ్లీ పోతుంది. డీహెచ్‌టీ తిరిగొచ్చినా కోరిక రాకపోతే టెస్టోస్టిరాన్, ప్రొలాక్టిన్ హార్మోన్లు, థైరాయిడ్, షుగర్ చూపించుకోవాలి. రొమ్ములో గడ్డ తగిలినా, నొప్పి ఉన్నా చూపించుకోవాలి. దీనికి బదులు, ఇలాగే డీహెచ్‌టీని తగ్గించే డ్యుటాస్టెరైడ్‌కు మారొద్దు. అది ఒంట్లో సగమవడానికే దాదాపు ఐదు వారాలు పడుతుంది.