లూనాసిక్స్ 3 లైట్ మీటర్‌లో పాదరసపు సెల్లుల బదులు ఏవి వాడాలి?

కృష్ణలంక_ఫొటో:

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారి స్టూడియో సామానులో గాసెన్ కంపెనీవారి లూనాసిక్స్ 3 లైట్ మీటర్ ఒకటి దొరికింది. ముల్లు చక్కగా కదులుతోంది, అద్దం మీద గీత కూడా లేదు. ఇది 1.35 వోల్టుల పీఎక్స్625 పాదరసపు సెల్లులు రెండింటితో పనిచేసేది. అవి ఇప్పుడు తయారు కావడం లేదు కనుక, అదే సైజులో దొరికే 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్లులు వేశాను. బ్యాటరీ తనిఖీ చేస్తే ముల్లు ఎర్ర గడిని దాటి పోతోంది. ముల్లు స్కేలు పై కొసన ఉన్నప్పుడు ఈ మీటర్ చెప్పే ఎక్స్‌పోజర్ నా డిజిటల్ కెమెరా చెప్పేదానికంటే దాదాపు ఒక స్టాప్ (అంటే సగం వెలుతురు) తక్కువగా ఉంటోంది. కింది సగంలో ఉన్నప్పుడు మాత్రం తేడా అంతగా కనిపించడం లేదు. ఇది మీటర్ దోషమా, సెల్లుల దోషమా? ఫిల్మ్ వేగాన్ని అమర్చే ఐఎస్ఓ డయల్‌ను ఒక స్టాప్ తగ్గించి సరిపెట్టుకోవచ్చా? అప్పుడప్పుడు స్లైడ్ ఫిల్మ్ కూడా వాడతాను కనుక అడుగుతున్నాను.

పాతమీటర్లు:

మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీటర్ బాగానే ఉన్నట్టుంది. దీంట్లో ఉండే కాడ్మియం సల్ఫైడ్ సెన్సార్ మీద వెలుతురు పెరిగితే దాని నిరోధం తగ్గి, కరెంటు పెరిగి, ముల్లు పైకి లేస్తుంది. అంటే ముల్లు స్థానం వెలుతురు మీదే కాక, మీరు ఇచ్చే వోల్టేజి మీద కూడా ఆధారపడి ఉంటుంది. పాదరసపు సెల్లుకు ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది: అది దాదాపు అయిపోయేదాకా 1.35 దగ్గరే నిలిచి, ఆ తరువాత ఒక్కసారిగా పడిపోయేది. అందుకే ఆ కాలపు తయారీదారులు వోల్టేజిని స్థిరపరిచే సర్క్యూట్ విడిగా పెట్టకుండా సెల్లునే ప్రమాణంగా తీసుకున్నారు. ఆల్కలైన్ సెల్లు కొత్తలో 1.5కు పైనే ఉండి, వాడేకొద్దీ దిగుతూ వస్తుంది కనుక, ఈ రోజు సరిచేసుకున్న మీటర్ కొన్నాళ్లకు మళ్లీ మరో లెక్క చెబుతుంది.

ఇక ఐఎస్ఓ సంగతి. 2.7 వోల్టులు ఉండాల్సిన చోట మీరు మూడు ఇస్తున్నారు, అంటే కరెంటు పదో వంతుకు కాస్త పైగా పెరిగింది. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు సర్క్యూట్‌లో సెన్సార్ నిరోధానిదే పెద్ద వాటా కనుక, ఆ పెరుగుదల స్టాప్‌లో చిన్న భాగంతో సమానమవుతుంది. వెలుతురు బాగా ఉన్నప్పుడు సెన్సార్ నిరోధం పడిపోయి, మీటర్ కాయిల్, దానితో వరుసలో ఉన్న రెసిస్టర్లే కరెంటును ఎక్కువగా అదుపు చేస్తాయి. అక్కడ వెలుతురు రెట్టింపైనా ముల్లు కొద్దిగానే కదులుతుంది కాబట్టి, అదే పదో వంతు పెరుగుదల ఒక స్టాప్ అయి కూర్చుంటుంది. మీకు స్కేలు పై కొసనే తేడా రావడానికి కారణం ఇదే. డయల్‌ను ఒక స్టాప్ జరిపితే ఎండలో సరిపోవచ్చు గానీ, నీడలోకి రాగానే ఆ మేరకు అతి ఎక్స్‌పోజర్ అవుతుంది. స్లైడ్ ఫిల్మ్ దాన్ని క్షమించదు.

నా సలహా సిల్వర్ ఆక్సైడ్ సెల్లులు. వాటి వోల్టేజి 1.55 అయినా, ఎప్పుడూ అక్కడే ఉంటుంది కనుక, ఆ అదనపు 0.2ను డయోడ్‌తో తగ్గించుకోవచ్చు. మినోల్టా ఎస్ఆర్‌టీ 101, ఒలింపస్ ఓఎం-1 లాంటి ఒక్క సెల్లు కెమెరాల కోసం కొద్దిపాటి వోల్టేజిని మాత్రమే తగ్గించే షాట్కీ రకం డయోడ్ ఇమిడ్చిన అడాప్టర్లు జపాన్ నుంచి వస్తాయి. మీ మీటర్‌లో రెండు సెల్లులు కనుక 0.4 వోల్టు తగ్గాలి, అంటే ఒక్క షాట్కీ డయోడ్ చాలదు. గాసెన్ వారే ఈ మీటర్ కోసం రెండు ఎస్ఆర్44 సెల్లులు పట్టే అడాప్టర్‌ను అమ్మారు. ధర ఎక్కువే అయినా, దొరికితే కళ్లు మూసుకుని కొనవచ్చు.

సాగరతీరం:

పై వివరణతో ఏకీభవిస్తున్నాను. అయితే అడాప్టర్ వచ్చేదాకా మీటర్‌ను ఖాళీగా ఉంచనక్కరలేదు. చెవి మిషన్లలో వేసే 675 నంబరు జింక్-ఎయిర్ సెల్లులు మందుల షాపులో కూడా దొరుకుతాయి. వాటి వోల్టేజి పాదరసపు సెల్లుకు దగ్గరగా, స్థిరంగా ఉంటుంది. వ్యాసం 11.6 మిల్లీమీటర్లే కనుక, గదిలో అటూ ఇటూ జరగకుండా చుట్టూ రబ్బరు రింగు వేయాలి. ఎత్తు కూడా కొంచెం తక్కువే, కాంటాక్టు అందకపోతే చిన్న రాగి రేకు ముక్క పెట్టండి. సెల్లు గాలి రంధ్రాలను మూసి ఉంచే స్టిక్కర్ ఊడదీశాక కొద్ది నిమిషాలు గాలికి వదిలి, అప్పుడు మీటర్‌లో వేయండి. గాలి రంధ్రాలు చదునుగా ఉండే ప్లస్ వైపు ఉంటాయి, వాటిని రేకుతో గానీ టేపుతో గానీ మూయకండి.

లోపమేమిటంటే, స్టిక్కర్ తీసిన క్షణం నుంచి, మీరు వాడినా వాడకపోయినా, సెల్లు ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది. పొడిగాలికి లోపలి ద్రవం ఎండిపోతుంది, తేమగాలికి నీరు పీల్చుకుంటుంది. విశాఖలో మా అనుభవం తేమతోనే. మీ బెజవాడ ఎండలకు మొదటి రకం ఇబ్బంది రావచ్చు. వారానికోసారి బ్యాటరీ తనిఖీ చేసుకుంటే చాలు, సెల్లు ఖరీదు ఎలాగూ తక్కువే.

స్పాట్‌మేటిక్_అభిమాని:

ఇది చదివి పాత కెమెరాలన్నిటికీ అడాప్టర్ కావాలని ఎవరూ అనుకోకూడదని ఒక మాట రాస్తున్నాను. పెంటాక్స్ స్పాట్‌మేటిక్‌లోని మీటర్ బ్రిడ్జి సర్క్యూట్‌తో పనిచేస్తుంది. అక్కడ ముల్లును మధ్యకు తెచ్చే సమతూకమే కొలత కనుక, 1.35కు బదులు 1.55 ఇచ్చినా ఫలితం మారదు. నేను సిల్వర్ ఆక్సైడ్ సెల్లును నేరుగా వేసి వాడుతున్నాను. సెలీనియం మీటర్లకైతే అసలు సెల్లే అక్కరలేదు.

కృష్ణలంక_ఫొటో:

ముగ్గురికీ ధన్యవాదాలు. ముందుగా 675 సెల్లులు తెచ్చి చూస్తాను. మీటర్ సంచి జేబులో పాత పీఎక్స్625 సెల్లులు రెండు దొరికాయి. ఒకదాని అంచున తెల్లటి పొడి ఉంది. వీటిని ఒకసారి వేసి చూడటం వల్ల నష్టముందా?

పాతమీటర్లు:

వేయకండి. ఆ పొడి సెల్లు కారిందనడానికి గుర్తు, అది క్షారం కనుక మీటర్‌లోని కాంటాక్టులను తినేస్తుంది. వట్టి చేత్తో ముట్టుకోకుండా రెండింటినీ మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఈ-వ్యర్థాలు తీసుకునేచోట పాదరసం ఉందని చెప్పి ఇవ్వండి, చెత్తబుట్టలో మాత్రం వేయవద్దు. ఈ పాదరసం నేలలోకీ నీళ్లలోకీ చేరుతుందనే అమెరికా 1996లో చట్టం చేసి వీటి అమ్మకాన్ని ఆపింది, ఐరోపాలో 2000 నుంచి నిషేధం వచ్చింది. మీటర్ లోపలి కాంటాక్టుల మీద కూడా అలాంటి పొడి ఉంటే, ఇయర్‌బడ్‌ను వెనిగర్‌లో తడిపి, బాగా పిండి తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే కొత్త సెల్లులు వేయండి.